బియ్యం పంచడం తెలుసు, "రక్షణ" అంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: "ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. మా బ్యాచ్‌లో ఆరుగురం కలిసి నాలుగు నెలలుగా హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు రోహింగ్యాల గుడిసెల్లో నెలకోసారి బియ్యం, పప్పు, దుప్పట్లు పంచుతున్నాం. ఆ ఫోటోలు ఆన్‌లైన్‌లో పెడుతున్నాం, వాళ్ళ కార్డుల జిరాక్సులు మా వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. 'వీళ్ళు ఎప్పుడు వెళ్ళిపోతారు' అని స్నేహితులు అడుగుతున్నారు. మా ఫీల్డ్‌వర్క్ సార్ 'మీరు చేసేది పంపిణీ, రక్షణ కాదు' అన్నారు. రెంటికీ తేడా ఏమిటి? మాలాంటి వాళ్ళం ఏం చేయగలం? చట్టపరంగా మాకేమైనా ఇబ్బంది ఉంటుందా?"

మీ సార్ మాట నిజమే. అయితే అక్కడితో ఆగిపోతే మీకు మనసు చిన్నబోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి ఎనిమిదేళ్ళు భద్రాచలం ఏజెన్సీలో, తర్వాతంతా హైదరాబాద్‌లో.

పంపిణీ చేసేటప్పుడు మన కళ్ళు లైన్లో నిలబడ్డ వాళ్ళ మీదే ఉంటాయి. రక్షణ పని లైన్లోకి రాని మనిషి దగ్గర మొదలవుతుంది. ఎవరు రాలేదు? ఎవరికి భయపడి రాలేదు? మనం పంచిన పద్ధతి వల్లే ఆ భయం పెరిగిందా? నేను చెప్పబోయేదంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ఈ పాఠం నాకు ఎవరూ క్లాసులో చెప్పలేదు. 2020 అక్టోబర్ వానలు మీకు గుర్తుండే ఉంటాయి. గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ గల్లీలన్నీ నీళ్ళలో ఉన్న రోజులు. అప్పుడు ఒక బస్తీలో మూడు వందల కుటుంబాలకు సామాన్ల సంచులు తయారు చేశాం. బస్తీ పెద్ద ఒకాయన లిస్టు రాసిచ్చాడు. మెయిన్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్ దొరికింది, సాయంత్రం ఆరు గంటలకు మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా పంచేశాం. తోపులాట లేదు, గొడవ లేదు. చాలా బాగా జరిగిందని అందరం అనుకున్నాం.

పది రోజుల తర్వాత ఆ ఏరియా ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) ఫోన్ చేసింది. గల్లీ చివర్న ఒకామె, ఇద్దరు ఆడపిల్లలు, పక్కింటి వాళ్ళు పెట్టిన అన్నంతో బతుకుతున్నారని. వెళ్ళి అడిగితే తెలిసింది: లిస్టు రాసిన ఆయనే ఆ ప్లాటుకు కిరాయి వసూలు చేసే మనిషి. ఆమె మూడు నెలల కిరాయి బాకీ. ఆయన ఆమె పేరు రాయలేదు. రాసినా ఆమె వచ్చేది కాదు, ఎందుకంటే చీకటి పడ్డాక తలుపు లేని గుడిసెలో పన్నెండేళ్ళ పిల్లను, తొమ్మిదేళ్ళ పిల్లను వదిలి మెయిన్ రోడ్డు దాకా రాలేదు. ఆ రోజు కూర్చుని ఒక్కొక్క గుడిసె లెక్కబెడితే పందొమ్మిది కుటుంబాలు తప్పిపోయాయి. మంచంలో ఉన్న ముసలాయన, ఫోన్ లేని ఇల్లు, అప్పటికి వారం ముందే వచ్చి ఇంకా ఎవరికీ పరిచయం కాని కుటుంబం. ఒక్కటి ఆలోచించండి. లిస్టు రాసే పని ఆ పెద్దమనిషి చేతికి ఇచ్చి మేము బస్తీలో ఆయన పలుకుబడిని మూడు వందల సంచుల మేర పెంచాం. ఆమె భయాన్నీ అంత మేర పెంచాం. ఆ తప్పు నాది. ఆ హాల్ ఎంచుకున్నదీ, ఆ టైమ్ పెట్టిందీ నేనే.

ఇదే తప్పు ఇంతకంటే చాలా పెద్ద ఎత్తున 1994లో జరిగింది. రువాండాలో జరిగిన మారణకాండ తర్వాత జులైలో లక్షల మంది సరిహద్దు దాటి అప్పటి జైర్ దేశంలోని గోమా దగ్గరికి చేరారు. మొదటి నెలలోనే దాదాపు 50 వేల మంది, ఎక్కువగా కలరాతో, విరేచనాలతో చనిపోయారు. దానితో పాటు ఇంకో ఘోరం నడిచింది. మారణకాండ చేసిన నాయకులు, సైనికులు అదే శిబిరాల్లో ఉండి, పంపిణీని తమ చేతుల్లోకి తీసుకున్నారు. తిండి ఎవరికి అందాలో వాళ్ళే తేల్చారు. సహాయ సంస్థలు తెచ్చిన బియ్యమే వాళ్ళ బలంగా మారింది. ఆ అనుభవం నుంచే సహాయానికి కనీస ప్రమాణాలు ఉండాలన్న పట్టుదల పెరిగి 1997లో స్ఫియర్ అనే ప్రయత్నం మొదలైంది. దాని చేతిపుస్తకం ఉచితంగా దొరుకుతుంది. మీ ఆరుగురూ తలా ఒక అధ్యాయం చదవండి.

చట్టం సంగతికి వచ్చే ముందు ఒక మాట. పాత తెలుగు పత్రికల్లో శరణార్థులను "కాందిశీకులు" అని రాసేవారు. "కాం దిశమ్", అంటే "ఏ దిక్కుకు పోను" అనుకుంటూ పరుగెత్తే మనిషి. ఆ మాటను మన వాళ్ళ గురించి కూడా వాడారు. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో పని చేసే శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళు కాలినడకన బయల్దేరారు. బర్మాలో మనల్ని కొరంగీలు అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. కొందరు మణిపూర్ వైపు కొండలెక్కారు, కొందరు అరకాన్ మీదుగా చిట్టగాంగ్ వైపు నడిచారు. దారిలో వేలాది మంది పోయారు. 1960ల్లో బర్మాలో వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు మరో విడత వచ్చింది. విశాఖలో ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పేరు ఉంది. మా అమ్మమ్మ తమ్ముడు అలా నడిచి వచ్చినవాడే. ఆయన జీవితాంతం ఇంట్లో ఉప్పు డబ్బా, అగ్గిపెట్టె ఒక గుడ్డలో మూటగట్టి తలుపు పక్కనే పెట్టుకునేవాడు. ఆ బర్మా పేరు ఇప్పుడు మయన్మార్, ఆ అరకాన్ పేరు రఖైన్. మీరు బియ్యం పంచుతున్న వాళ్ళు వచ్చింది అక్కడి నుంచే. బాలాపూర్‌లో ఒక ముసలాయన తన మంచం కింద మూట చూపించినప్పుడు నాకు ఆ ఉప్పు డబ్బా గుర్తొచ్చింది.

సరే, చట్టం. ముందు ఎవరు ఎవరో విడదీసి చూడాలి, ఎందుకంటే మన దగ్గర అన్నీ కలిపి మాట్లాడేస్తారు. 1951 జులైలో కుదిరిన శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, ఈ ఐదింటిలో ఏదో ఒక కారణంగా హింస తప్పదన్న భయంతో దేశం దాటిన మనిషి శరణార్థి. దేశం దాటకుండా సొంత దేశంలోనే చెదిరిపోయిన వాళ్ళు వేరు, వాళ్ళ కోసం 1998లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు వచ్చాయి. డ్యాముల వల్ల, రోడ్ల వల్ల ఊళ్ళు పోయిన వాళ్ళను మనం నిర్వాసితులు అంటాం, వాళ్ళకు 2013 భూసేకరణ చట్టం ఉంది. 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు వదిలిన వాళ్ళు 12.3 కోట్ల మంది. అందులో 7.3 కోట్లకు పైగా సొంత దేశం దాటని వాళ్ళే. టీవీలో సరిహద్దులే కనిపిస్తాయి కాబట్టి ఈ సంగతి చాలామందికి తెలియదు.

భారతదేశం 1951 ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. అందువల్ల చట్టం కళ్ళకు రోహింగ్యా మనిషి కేవలం విదేశీయుడు. ఇదివరకు 1946 నాటి విదేశీయుల చట్టం ఉండేది, 2025 సెప్టెంబర్ 1 నుంచి దాని స్థానంలో కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) ఇచ్చే కార్డు ఆ మనిషి ఎవరో, ఆయన కథను ఒక సంస్థ విని నమోదు చేసిందని చెబుతుంది. ఎంతో కొంత అండ. కానీ అది వీసా కాదు, ఉండటానికి అనుమతి కాదు. ఈ మాట వాళ్ళకు మెత్తగానైనా స్పష్టంగా చెప్పాలి. కార్డు ఉంది కదా, ఏం కాదులే అని ధైర్యం చెప్పిన వాలంటీర్లను చూశాను. అబద్ధపు ధైర్యం మనిషిని చెక్‌పోస్టు దగ్గర ఒంటరిగా నిలబెడుతుంది.

అయితే వాళ్ళకు చట్టమే లేదనడం కూడా తప్పు. రాజ్యాంగంలో 14, 21 అధికరణాలు "పౌరుడు" అనవు, "వ్యక్తి" అంటాయి. సమానత్వం, ప్రాణం, స్వేచ్ఛ ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తాయి. 1996లో, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి అరుణాచల్‌లో ఉంటున్న చక్మాల కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పి, వాళ్ళ ప్రాణాలను కాపాడే బాధ్యత రాష్ట్రానిదే అంది. 2021 ఏప్రిల్ 8న జమ్మూలోని రోహింగ్యాల కేసులో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మాత్రం అంత అనుకూలంగా లేదు. 14, 21 అందరివీ, కానీ ఈ దేశంలో ఉండే హక్కు పౌరులకే అంది. నిర్ణీత పద్ధతి పాటించకుండా మాత్రం పంపేయకూడదంది. అంటే అవతల మృత్యువు ఉన్న చోటికి మనిషిని తిప్పి పంపకూడదన్న నియమం మన దగ్గర ఇంకా గట్టి పునాది మీద లేదు. నా అభిప్రాయం అడిగితే, మన దేశానికి ఒక శరణార్థుల చట్టం కావాలి. లేనందువల్ల టిబెట్ వాళ్ళకు ఒక తీరు, శ్రీలంక తమిళులకు ఒక తీరు, రోహింగ్యాలకు ఇంకో తీరు నడుస్తోంది. ఎవరి బతుకు ఏ ఫైలు మీద ఆధారపడిందో వాళ్ళకే తెలియదు.

మీకు ఇబ్బంది ఉంటుందా అన్నారు. ఆకలిగా ఉన్న మనిషికి అన్నం పెట్టడం నేరం కాదు. కానీ కొన్ని గీతలు దాటకండి. విదేశీయులకు ఇల్లు కిరాయికి ఇచ్చేవాళ్ళు అధికారులకు సమాచారం ఇవ్వాలి, కాబట్టి జాలిపడి మీ పేరు మీద గది తీసి ఇవ్వకండి. విదేశాల నుంచి డబ్బు పంపుతామంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క రూపాయి ముట్టకండి. అన్నిటికంటే ముఖ్యంగా ఆధార్, ఓటరు కార్డుల జోలికి పోకండి. "అక్కా, ఒక సంతకం పెట్టు, అడ్రస్ ప్రూఫ్‌కి" అని అడుగుతారు. ఐదారు వేలు తీసుకుని చేయించే దళారులు వాళ్ళకు దొరుకుతూనే ఉంటారు. తప్పుడు కాగితంతో తీసిన కార్డు పట్టుబడితే ఇన్నాళ్ళూ కేవలం కాగితాలు లేని మనిషిగా ఉన్నవాడు ఫోర్జరీ కేసులో ముద్దాయి అవుతాడు. ఈ నగరంలో అలా జైలుకు వెళ్ళిన వాళ్ళున్నారు. ఈ ప్రమాదాన్ని ముందుగా చెప్పడం కూడా రక్షణే, దీనికి రూపాయి ఖర్చు లేదు.

కాగితాల్లో నిజంగా వాళ్ళను కాపాడేది, మీరు చేయగలిగేది ఒకటుంది: పుట్టిన బిడ్డల నమోదు. దీన్ని చాలామంది పట్టించుకోరు, నేను మాత్రం ప్రతి కొత్త వాలంటీర్‌కూ మొదట ఇదే అప్పజెబుతాను. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఈ నేల మీద జరిగిన ప్రతి పుట్టుకనూ నమోదు చేయాలంటుంది, తల్లిదండ్రులు ఏ దేశస్తులన్న షరతు లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయితే కబురు వాళ్ళే పంపుతారు. గుడిసెలో మంత్రసాని చేతిలో అయితే ఎవరూ పంపరు. 21 రోజుల్లోపు అయితే సులభం, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవాలి. ఈ కాగితం పౌరసత్వం ఇవ్వదు, ఆ మాట తల్లిదండ్రులకు ముందే చెప్పండి. మరి ఎందుకంటే, రేపు ఆ పిల్లను పదమూడేళ్ళకే పెళ్ళి చేయబోతే వయసు రుజువు అదే. ఫ్యాక్టరీలో పనికి పెడితే అదే. ఎవరైనా ఎత్తుకుపోతే ఈ బిడ్డ ఈ తల్లిదే అనడానికి అదే. 1982లో మయన్మార్ పౌరసత్వ చట్టం తెచ్చి ఈ జనం కింద నేలను లాగేసింది. "నువ్వు ఇక్కడ పుట్టలేదు" అన్న ఒక్క మాటతో మొదలైన కష్టం వాళ్ళది. హైదరాబాద్‌లో పుట్టిన బిడ్డ ఎక్కడా పుట్టని బిడ్డగా పెరగకూడదు.

బడి గురించి కూడా. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ వర్తిస్తుంది, వయసు ధృవీకరణ లేదని చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. హెడ్మాస్టర్ వెనక్కి పంపితే గొడవ పడకండి. ఆ సెక్షన్ ప్రింట్ తీసి, తల్లిని వెంటబెట్టుకుని, మండల విద్యాధికారి దగ్గరికి వెళ్ళండి. నా అనుభవంలో పది మందిలో ఏడెనిమిది మంది హెడ్మాస్టర్లు అడ్డు చెప్పేది ద్వేషంతో కాదు, ఆన్‌లైన్ ఫారంలో ఆధార్ గడి ఖాళీగా వదిలితే ఎవరు తిడతారోనన్న భయంతో.

ఇక నీళ్ళు, మరుగుదొడ్లు. ఇది ఇంజనీరింగ్ సంగతి అనుకుంటారు, కానీ ఆడవాళ్ళ మీద దాడులు ఈ దారుల్లోనూ జరుగుతాయి. స్ఫియర్ ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలి, ఇంచుమించు ఒక పెద్ద బిందె. తాగడానికి, వంటకు, ఒళ్ళు కడుక్కోవడానికి అన్నిటికీ కలిపి. నీళ్ళు 500 మీటర్ల లోపు దొరకాలి, అరగంట కంటే ఎక్కువ లైన్లో నిలబడే పని ఉండకూడదు. 20 మందికి ఒక మరుగుదొడ్డి, పైకప్పు కింద మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు. ఈసారి వెళ్ళినప్పుడు టేపు పట్టుకుని కొలవండి. ఆ గుడిసెల్లో నేను కొలిచినప్పుడు ఎనిమిది మంది పడుకునే చోటు ఒక డబుల్ కాట్ మంచం, దాని పక్క నడవ జాగా అంతే ఉంది.

అంకెల కంటే ఎక్కువ చెప్పేది ఆడవాళ్ళతో విడిగా కూర్చుని అడిగే ఒక ప్రశ్న: "స్నానం ఎక్కడ చేస్తారు, ఎన్ని గంటలకు?" మొదటిసారి అడిగితే నవ్వుతారు. రెండోసారి చెబుతారు. ఒక బస్తీలో ఆడవాళ్ళు తెల్లవారుజామున మూడింటికి లేచి, చీర అడ్డం కట్టి, ఒకరికొకరు కాపలా ఉంటూ స్నానం చేస్తున్నారని తెలిసింది. నాలుగు మరుగుదొడ్లు అప్పటికే కట్టించి ఉన్నాయి, ఎవరూ వాడట్లేదు. మేము "అవగాహన లేదు" అని రిపోర్టులో రాసుకున్నాం. అసలు కారణం ఏమిటంటే లోపలి వైపు గడియ లేదు, దారిలో పాత ఇనుము కొట్టు, అక్కడ రాత్రుళ్ళు మగవాళ్ళు కూర్చుంటారు. గడియలకు, రెండు సోలార్ దీపాలకు, దారి మళ్ళించడానికి మొత్తం నాలుగు వేలు కూడా కాలేదు. నెలలో మరుగుదొడ్లు వాడకంలోకి వచ్చాయి.

నిప్పు గురించి ఒక్క మాట. టార్పాలిన్, వెదురు, ప్లాస్టిక్ చెత్త ఉన్న చోట గుడిసెకు గుడిసెకు మధ్య కనీసం రెండు మీటర్ల సందు ఉండాలి. 2021 మార్చి 22న బంగ్లాదేశ్‌లోని రోహింగ్యా శిబిరాల్లో లేచిన మంటల్లో 45 వేల మంది మళ్ళీ నిలువ నీడ కోల్పోయారు. చుట్టూ ఉన్న ముళ్ళకంచె వల్ల పారిపోవడానికి దారి దొరకలేదని బతికినవాళ్ళు చెప్పారు. బాలాపూర్‌లో ప్లాట్లకు ప్రహరీ గోడలు ఉంటాయి, గేటు ఒకటే ఉంటుంది. రెండో దారి ఎక్కడుందో చూడండి. లేకపోతే ప్లాటు యజమానితో మాట్లాడండి.

మీ ఫోన్ల గురించి చెప్పాలి, ఎందుకంటే మీరు పంపిణీ ఫోటోలు పెడుతున్నారని రాశారు. దయచేసి ముఖాలు కనిపించే ఫోటోలు తీసేయండి, ఈ రోజే. ఒక మనిషి తప్పించుకుని వచ్చింది ఒక సైన్యం నుంచి కావచ్చు, ఒక భర్త నుంచి కావచ్చు, అప్పు ఇచ్చిన ముఠా నుంచి కావచ్చు. ఫోటోలో వెనక కనిపించే షాపు బోర్డు ఒక్కటి చాలు. లిస్టుల సంగతి మరీ ప్రమాదం. బంగ్లాదేశ్ శిబిరాల్లో యూఎన్‌హెచ్‌సీఆర్ సేకరించిన రోహింగ్యాల వివరాలు బంగ్లాదేశ్ ప్రభుత్వం ద్వారా మయన్మార్ చేతికి వెళ్ళాయని 2021 జూన్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. ఎనిమిది లక్షలకు పైగా పేర్లు. ఎవరి చేతిలో ప్రాణాలు పోతాయని పారిపోయి వచ్చారో వాళ్ళకే వేలిముద్రలతో సహా వివరాలు. చాలామందికి తాము దేనికి ఒప్పుకుని సంతకం పెట్టారో తెలియదు. అంత పెద్ద సంస్థ దగ్గరే అలా జరిగితే, మీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న కార్డుల జిరాక్సులు ఎవరి ఫోన్లలో ఉన్నాయో మీకు తెలుసా? సంచి ఇవ్వడానికి ఇంటి పెద్ద పేరు, మనుషుల సంఖ్య చాలు. కాగితం మీద రాసుకుని, పని అయ్యాక చించేయండి.

అలాగే "మీకు అక్కడ ఏం జరిగింది" అని అడగకండి. 2017 ఆగస్టు 25 తర్వాత ఏడు లక్షల మందికి పైగా రఖైన్ వదిలి పరుగెత్తారు. ప్రతి ఇంట్లో ఏదో ఒక శవం ఉంది. మీ ప్రాజెక్టు రిపోర్టు కోసం ఆ తల్లి మళ్ళీ ఆ రాత్రిలోకి వెళ్ళిరావాలా? తనంతట తాను చెబితే వినండి. పిల్లలను దుబాసీలుగా వాడకండి, ఇది ఇంకా ముఖ్యం. అక్కడి చిన్నపిల్లలకు దక్కనీ ఉర్దూ చక్కగా వస్తుంది, కొందరికి తెలుగూ వస్తుంది, అందుకని అందరం వాళ్ళనే పిలుస్తాం. తల్లి నెత్తురు గురించి, తండ్రి దెబ్బల గురించి ఎనిమిదేళ్ళ పిల్లాడు మాటకు మాట మనకు చెప్పాల్సి వస్తుంది. ఒక పెద్దావిడకు రోజు కూలీ ఇచ్చి తీసుకెళ్ళండి. చాలామందికి చదవడం రాదు, కాబట్టి కరపత్రాలు కాకుండా ఆవిడ గొంతుతో వాయిస్ మెసేజ్ చేయించండి.

హింస గురించి ఎవరైనా మీకు చెప్పుకున్నప్పుడు ఏం చేయాలో ముందే తెలిసుండాలి. పెద్దామె అయితే నిర్ణయం ఆమెది. ఆసుపత్రి, మహిళల 181 హెల్ప్‌లైన్, పోలీసులు, ఎవరూ వద్దనుకోవడం, అన్నీ ఆమె ముందు పెట్టండి. పోలీసుల దగ్గరికి వెళితే తన కాగితాల సంగతి వస్తుందన్న భయం ఆమెకు ఉంటుంది, ఆ భయం తప్పు కాదు. 18 ఏళ్ళ లోపు పిల్లల విషయం వేరు. పిల్లల మీద లైంగిక నేరాల గురించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన మనిషి సమాచారం ఇవ్వాల్సిందే. అందుకే పిల్ల నోరు తెరిచే ముందే, "నువ్వు చెప్పింది కొన్ని సార్లు నేను వేరేవాళ్ళకు చెప్పాల్సి వస్తుంది" అని చెప్పాలి. లేకపోతే మనం చేసే మొదటి పని నమ్మకద్రోహం అవుతుంది. 1098 నంబరు పిల్లల కోసం. ఉచిత న్యాయ సహాయానికి 15100. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్ళు, పిల్లలు, కస్టడీలో ఉన్నవాళ్ళు, వరదల వంటి విపత్తుల బాధితులు ఉచిత లాయర్‌కు అర్హులు. రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు ఆవరణలో ఉంది. మీరు ఒకసారి వెళ్ళి అక్కడి వాళ్ళతో పరిచయం చేసుకుని రండి, అవసరం పడిన రోజు కొత్తవాళ్ళలా వెళ్ళకూడదు.

మన వాళ్ళే చేసే అన్యాయం గురించి కూడా రాయాలి. 2002లో పశ్చిమ ఆఫ్రికా శిబిరాల్లో సహాయ సంస్థల మనుషులే సరుకులిచ్చి ఆడపిల్లలను వాడుకున్నారని బయటపడింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి కఠినమైన నియమం తెచ్చింది: 18 ఏళ్ళ లోపు వాళ్ళతో లైంగిక సంబంధమైనా, డబ్బుకో సాయానికో బదులుగా లైంగిక సంబంధమైనా నిషేధం, అది తీవ్రమైన దుష్ప్రవర్తనే. సాయం పొందే వాళ్ళతో అలాంటి సంబంధాలు వద్దని కూడా గట్టిగా చెప్పింది. మా వాళ్ళు అలాంటివాళ్ళు కాదులే అనుకోకండి. మీ ఆరుగురిలో ఎవరూ ఒంటరిగా ఎవరి గుడిసెలోకీ వెళ్ళకూడదని, ఎవరి నంబరూ విడిగా తీసుకోకూడదని నియమం పెట్టుకోండి. మీ మీద ఫిర్యాదు చేయాలంటే బస్తీ ఆడవాళ్ళు ఎవరికి చెప్పాలో, మీ టీంకు బయటి మనిషి పేరు ఒకటి వాళ్ళకు ఇవ్వండి.

భద్రాచలం సంగతి చెప్పకుండా ముగించలేను. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం దళాలు మొదలయ్యాక అటు జుడుం, ఇటు మావోయిస్టులు, మధ్యలో ఊళ్ళు కాలిపోయి, వేల మంది గొత్తికోయ ఆదివాసీలు గోదావరి అడవుల్లోకి వచ్చారు. వీళ్ళు విదేశీయులు కాదు, ఈ దేశ పౌరులు. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి పోరుకు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. కానీ పారిపోయి వచ్చినవాళ్ళు వెనక్కి వెళ్ళలేదు. అడవి హక్కుల చట్టానికి కటాఫ్ తేదీ 2005 డిసెంబర్ 13. ఆ తర్వాత వచ్చి పోడు కొట్టుకున్నవాళ్ళకు పట్టా రాదు. అవతల రాష్ట్రం నుంచి వచ్చారు కాబట్టి కుల ధృవీకరణ రాదు. ఫారెస్టోళ్ళు వచ్చి గుడిసెలు పీకిన ప్రతిసారీ వాగు అవతలికి జరుగుతారు. చెలమ తవ్వుకుని ఆ నీళ్ళే తాగుతారు, ఎండాకాలం చెలమ ఎండితే మళ్ళీ కదులుతారు.

అక్కడ నేను చేసిన మొదటి పని ఒక బోరింగ్ వేయించడం. రోడ్డుకు దగ్గరగా, లారీ వచ్చే చోట. నాకది చాలా తెలివైన నిర్ణయం అనిపించింది. గుంపు పెద్ద నాతో ఒకటే మాట అన్నాడు: "రోడ్డు దగ్గరికి వస్తే అందరికీ కనపడతాం." ఆయన అన్నది రెండు వైపుల తుపాకుల గురించి, ఫారెస్టు జీపు గురించి కూడా. మాకు సౌకర్యంగా ఉన్న చోటు వాళ్ళకు చావుకు దగ్గరి చోటు. ఆ తర్వాత రెండు కిలోమీటర్లు లోపలికి, మోటారు సైకిల్ మీద సామాన్లు మోసుకెళ్ళి, వాళ్ళు చూపించిన చోట బావి తవ్వించాం. అప్పటి నుంచి ఏ పనికైనా ముందు, "దీని వల్ల మీకు ఏం ముప్పు రావచ్చు" అని అడగకుండా మొదలుపెట్టలేదు.

చివరగా, మీ స్నేహితులు అడిగారన్న ప్రశ్న: "వీళ్ళు ఎప్పుడు వెళ్ళిపోతారు?" వాళ్ళూ అదే అడుగుతున్నారు. 2018 నవంబర్‌లో ఒకసారి, 2019 ఆగస్టులో ఒకసారి బంగ్లాదేశ్ శిబిరాల దగ్గర రోహింగ్యాలను తీసుకెళ్ళడానికి బస్సులు వచ్చి నిలబడ్డాయి. ఒక్కరూ ఎక్కలేదు. ఇల్లు అక్కర్లేక కాదు. పౌరసత్వం, భద్రత, సొంత భూమి, ఈ మూడింటి మీద మాట ఇవ్వమన్నారు, ఎవరూ ఇవ్వలేదు. ఎవరైనా మీతో తిరిగి వెళ్ళడం గురించి మాట్లాడితే వెళ్ళమనీ వద్దనీ చెప్పకండి. అక్కడ ఇప్పుడు ఏం జరుగుతోందో నమ్మదగిన సమాచారం తెచ్చి ఇవ్వండి.

వచ్చే నెల పంపిణీకి ముందు ఒక ఆదివారం పొద్దున ఖాళీ చేతులతో వెళ్ళండి. ముగ్గురు అమ్మాయిలు, ఒక దుబాసీ చాలు. ఇప్పుడున్న లిస్టు జేబులో పెట్టుకుని గల్లీ మొదటి నుంచి చివరి దాకా నడుస్తూ గుడిసెలు లెక్కబెట్టండి. లిస్టులో లేని తలుపు దగ్గర ఆగి కూర్చోండి. మూడు నెలల లోపు పిల్లలు ఎంతమంది ఉన్నారో, వాళ్ళలో ఎందరికి జనన ధృవీకరణ ఉందో రాసుకోండి. కిరాయి ఎవరు వసూలు చేస్తారో తెలుసుకోండి, ఆయన చేతికి మాత్రం లిస్టు ఇవ్వకండి. తిరిగి వచ్చాక ఎన్ని తలుపులు తప్పిపోయాయో ఇక్కడ రాయండి. పుట్టుక నమోదు ఫారం ఎలా నింపాలో, ఏ ఆఫీసులో ఏ కౌంటరు దగ్గర నిలబడాలో ఆ తర్వాత ఒక్కొక్కటిగా చెబుతాను.